‘కాదు కదా’ అంటే కాదనేనా? ‘ఏమొకో’ పాటలో మాటల సంగతి

అమ్మా,

మీ పాప పదో తరగతి, ప్రొద్దుటూరులో పాటల పోటీకి అన్నమయ్య ‘ఏమొకో చిగురుటధరమున’ నేర్చుకుంటోంది అన్నారు. పాట నోటికి వచ్చిందిగానీ అర్థం అడిగితే మీరు చెప్పలేకపోయారు. పెదవి మీద కస్తూరి ఏంది, దాన్ని పత్రిక అనడం ఏంది? ప్రేమ పాటలో నెత్తురుకు ఏం పని? వెన్నెల అంటే చాలదా, వేసవికాలపు వెన్నెలే ఎందుకు? చరణం చరణానికీ ‘కాదు కదా’ అంటున్నారే, అది కాదనడమా, అవుననడమా? చివర కొంచెం మొహమాటంగా ఇంకోటి కూడా అడిగారు, ఇది పిల్ల పాడదగిన పాటేనా అని.

ఈ జిల్లా కాలేజీల్లో ముప్పై ఏండ్లకు పైగా తెలుగు చెప్పి రిటైరయినాను. ఈ పాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అందులో తప్పు చెప్పిన ఏండ్లూ ఉన్నాయి. అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు ‘కాదు కదా’ సంగతి తేల్చుకుందాం. అది తెలిస్తే మిగతావి వాటంతటవే విడిపోతాయి. నా చిన్నప్పుడు మా యింట్లో పాల మీద మీగడ మాయమైందంటే మా అవ్వ మనవళ్ళందరినీ వరసగా నిలబెట్టేది. పైపెదవి మీద తెల్లగా అంటుకున్నవాడి దగ్గర ఆగి, చాలా నెమ్మదిగా, “మీగడ తినింది నువ్వు కాదు గదా నాయనా?” అనేది. ఆ మాటలో అనుమానం ఉందా చెప్పండి. లేదు. దొంగ దొరికినాడు. దొరికినవాణ్ణి వెంటనే కొట్టకుండా కాసేపు ఆడించడం ఉంది. ‘కాదు’ పైకి చెప్పేది, ‘గదా’ లోపల నవ్వేది. ఇప్పటికీ మన వైపు ఈ మాట ఇట్లే వాడతాం, ‘నా సైకిలు తీసుకుపోయింది నువ్వు కాదు గదా?’ అని. తీసినవాడికే ఆ ప్రశ్న పడుతుంది.

ఈ పాటలో మాట్లాడేది నాయిక కాదు, నాయకుడూ కాదు. చెలికత్తెలు. ఆమె బయటికి వచ్చింది, వీళ్ళు చూశారు. మూతి మీద మీగడ లాంటి గుర్తులు నాలుగు కనపడినాయి. పల్లవి చూడండి:

ఏమొకో చిగురుటధరమున యెడనెడ కస్తూరి నిండెను
భామిని విభునకు వ్రాసిన పత్రిక కాదు కదా

‘ఏమొకో’లో ‘ఒకో’ సందేహాన్ని చెప్పే పాత మాట. ఇప్పుడు మనం ‘ఏమో మరి’ అన్నట్టు. అంటే పాట మొదలయ్యేదే దొంగ సందేహంతో. తెలిసీ తెలియనట్టు నటించే గొంతు అది. గాయకులు చాలామంది ఈ మాటను భక్తితో తడిపేసి పాడుతారు. నాకయితే అక్కడ చెవి కొరికే గుసగుస వినపడాలి.

తర్వాతి మాట ‘చిగురుటధరము’. పిల్లలు దీన్ని ‘చిగురు, టధరము’ అని విరుస్తారు. విరుపు అది కాదు. చిగురు + అధరము, నడుమ ‘ట’ వచ్చి కూర్చుంది. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణంలో దీన్ని టుగాగమం అన్నాడు. సూత్రం తెలియకపోయినా మన నోట్లో అది ఉంది. పండుటాకు అంటాం, చిగురుటాకు అంటాం. ఇక్కడే కవి తెలివి చూడండి. ‘చిగురుట...’ అని మొదలుపెట్టగానే తెలుగు చెవి ‘ఆకు’ కోసం ఎదురుచూస్తుంది. ఆయన ఆకు అనకుండా అధరం అన్నాడు. ఆకు మింగేశాడు. మింగినదాన్ని రెండో పాదంలో బయటికి తీశాడు, ‘పత్రిక’ అని. పత్రం అంటే ఆకే కదా. చిగురుటాకు లాంటి పెదవి, ఆ ఆకు మీద రాసిన ఉత్తరం.

పత్రిక అంటే మీ పాప అనుకున్నట్టు పొద్దున్నే వచ్చే దినపత్రిక కాదు. ఉత్తరం. మన ఊళ్ళలో పెండ్లిపత్రిక అంటామే, ఆ పత్రిక. ప్రేమించినవాళ్ళు ఆకుల మీద రాసుకోవడం కవులకు పాత అలవాటే. కాళిదాసు శకుంతల తామరాకు మీద గోటితో రాసింది. ఆయనే కుమారసంభవంలో హిమాలయం మీది విద్యాధర స్త్రీలు భూర్జపత్రాల మీద ధాతువుల రంగుతో ప్రేమలేఖలు రాస్తారన్నాడు. పత్రికలో ఇంకో అర్థం కూడా దాగి ఉంది. వెనకటి ఆడవాళ్ళు కస్తూరితో, కుంకుమపువ్వుతో చెక్కిళ్ళ మీద, రొమ్ము మీద ఆకులూ తీగలూ రాయించుకునేవాళ్ళు. మకరికాపత్రాలు, పత్రభంగాలు అని ప్రబంధాల నిండా ఉంటాయి. కస్తూరితో ఒంటి మీద రాసేదాన్ని కూడా పత్రమే అనేవాళ్ళన్నమాట. కాబట్టి కస్తూరి పక్కన పత్రిక అన్న మాట పడగానే అప్పటి శ్రోతకు రెండూ ఒకేసారి తోచి ఉంటాయి, అలంకారమూ ఉత్తరమూ.

అలంకారమే అయితే చెలులకు ఇంత వింత ఎందుకు? ఎందుకంటే కస్తూరి పెదవికి పూసుకునేది కాదు. పైగా అది ‘ఎడనెడ’ ఉంది, అంటే అక్కడక్కడ. పూసుకున్నది ఒద్దికగా ఉంటుంది, అంటుకున్నది మచ్చలు మచ్చలుగా ఉంటుంది. మరి ఎవరి కస్తూరి? తిరుమలలో స్వామి నొసట పచ్చకర్పూరపు నామం నడుమ కస్తూరి పెడతారు. ఆయన ముఖాన ఉండవలసింది ఈమె పెదవి మీదికి నడిచి రాలేదు కదా. ఆ మాట మాత్రం చెలులు అనరు.

ఒక చిక్కు నన్ను చాలా ఏండ్లు పట్టుకుంది. ‘ఎడనెడ’ అంటే అక్కడక్కడ. ‘నిండెను’ అంటే నిండిపోయింది. అక్కడక్కడ ఉన్నది ఎట్లా నిండుతుంది? ప్రాస కోసమో తాళం కోసమో పడిందిలే అని క్లాసులో దాటేసేవాణ్ణి. అది తప్పు. ఒకసారి తాళపత్రం మీద రాసే పద్ధతి ఒక పెద్దాయన చేసి చూపిస్తే నాకు తట్టింది. తాటాకు మీద గంటంతో, అంటే ఇనుప కలంతో, రాస్తే అక్షరం కనపడదు, గీత మాత్రం పడుతుంది. ఆ తర్వాత ఆకు మీద మసి పూసి తుడుస్తారు. మసి గీతల్లోకి పోయి నిండుతుంది, అప్పుడు అక్షరాలు నల్లగా లేస్తాయి. అక్కడక్కడ, నిండి! ఇప్పుడు పెదవి చూడండి. కస్తూరి నిండాలంటే ముందు పెదవి మీద గంటపు గీతల్లాంటివి ఏవో పడి ఉండాలి. అవి పంటిగాట్లు. పాటలో ఆ మాట లేదు, ఇది నా ఊహ. కానీ ఎడనెడ, నిండెను, వ్రాసిన, పత్రిక, ఈ నాలుగూ వృథా పోకుండా కలిసే చోటు నాకు ఇదొక్కటే దొరికింది. ఆకూ దొరికింది, గంటమూ దొరికింది, మసీ దొరికింది. పల్లవి రెండే పాదాలు!

ఇక నెత్తురు.

కలికి చకోరాక్షికి కడకన్నులు కెంపై తోచిన
చెలువంబిప్పుడిదేమో చింతింపరె చెలులు
నలువున ప్రాణేశ్వరుపై నాటిన యా కొనచూపులు
నిలువున పెరుకగ నంటిన నెత్తురు కాదు కదా

ఆమె కంటి కొసలు ఎర్రబడినాయి. రాత్రి నిద్ర లేదు, అంతే. కానీ చెలులు కట్టిన కథ వేరు. ఆమె తన కొనచూపులను ఆయన మీద నాటింది. తర్వాత వాటిని నిలువునా పెరికింది. పెరికేటప్పుడు అంటిన నెత్తురు ఇది కాదు కదా! ఆ నెత్తురు ఎవరిది అన్న దగ్గర చాలామంది పొరపడతారు. ఆమె కన్ను ఎర్రగా ఉంది కాబట్టి ఆమెదే అనుకుంటారు. కాదు. గుచ్చుకున్నది ఆయనకు, నెత్తురు ఆయనది. బాణం పెరికితే మొనకు అంటినట్టు చూపుల కొనకు అంటి, ఆమె కంటి కొసకు తిరిగివచ్చింది.

ఇంతా చేసి పాదంలో బాణం అనే మాట ఎక్కడుంది? వెతకండి, దొరకదు. అమ్ము లేదు, ములికి లేదు, మన్మథుడూ లేడు. ‘కొన’ ఉంది, ‘నాటు’ ఉంది, ‘పెరుకు’ ఉంది, ‘నెత్తురు’ ఉంది. బాణం చుట్టూ ఉన్నవన్నీ చెప్పి బాణాన్ని మాత్రం మనకు వదిలేశాడు. పల్లవిలో ఆకును దాచినట్టే. కంటికి ‘కడ’ అన్నాడు, చూపుకు ‘కొన’ అన్నాడు, అదీ గమనించండి. రెండూ చివర అనే అర్థమే, కానీ కడకు పదును ఉండదు, కొనకు ఉంటుంది.

నాటడం, పెరకడం సేద్యగాళ్ళ మాటలు. కడపలో నా క్లాసులో ఒక పిల్లవాడు, చెనిక్కాయ పొలం నుంచి వచ్చినవాడు, “సార్, నాటింది నిలువునా పెరికితే వేళ్ళకు మన్ను అంటకుండా రాదు” అన్నాడు. నేను చెప్పిన వ్యాఖ్యానమంతా కలిపినా ఆ మాటకు సరిరాదు. బాణమే అనుకోనక్కరలేదు, వేళ్ళూనిన చూపు అనుకున్నా పాదం నిలుస్తుంది. ‘నిలువున’ అనే మాట కూడా అట్లాంటిదే. తిరుమలలో నిలువుదోపిడి మొక్కు తెలుసు కదా, ఒంటి మీదున్న నగలన్నీ హుండీలో వేసేది. ఇక్కడ నిలువునా దోచుకున్నది ఎవరు, దోపిడికి గురయింది ఎవరు అని నాకొక అల్లరి ఆలోచన వస్తుంది. దాన్ని అర్థంలో కలపొద్దు, పక్కన పెట్టుకుని నవ్వుకుంటే చాలు.

మరి రక్తం అనకుండా నెత్తురు ఎందుకన్నాడు? మొదటి కారణం లెక్క. ఈ పాటలో ప్రతి పాదానికీ రెండో అక్షరం కలవాలి, దాన్ని ప్రాస అంటాం. కలికి, చెలువం, నలువున, నిలువున, అంతా ‘ల’. పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఇంకో అక్షరం తోడు రావాలి, అది యతి. ‘నిలువున’కు ‘నెత్తురు’ తోడు. రక్తం అంటే ఆ తోడు తెగిపోతుంది. అయితే లెక్క కుదిరినంత మాత్రాన మాట బతకదు. రక్తం ఒంట్లో ఉండేది, వైద్యుడు చూసేది. నెత్తురు చేతికి అంటుకునేది. పక్కనే ‘అంటిన’ ఉంది కాబట్టి అక్కడ నెత్తురే ఉండాలి.

ఆయన ఊరు మన రాజంపేట పక్కన తాళ్ళపాక. ఎంత సంస్కృతం వచ్చినా, చకోరాక్షి లాంటి సమాసం వేసినా, పాట బరువు మోసే చోట పెట్టేది మాత్రం నాటు, పెరుకు, నెత్తురు, ఒత్తు, అద్దు లాంటివి. సంస్కృతం నగ, తెలుగు ఒళ్ళు.

చకోరాక్షి అన్నాను కదా. చకోరం వెన్నెల తాగి బతికే పక్షి అని కవుల మాట. దాని కన్నులు ఎర్రన అని కూడా వాడుక. మొదటి చరణంలో చకోరాన్ని వదిలితే దానికి తిండి ఎక్కడ? రెండో చరణంలో వెన్నెల కాచింది.

పడతికి చనుగవ మెరుగులు పైపై పయ్యద వెలుపల
కడుమించిన విధమేమో కనుగొనరే చెలులు
ఉడుగని వేడుకతో ప్రియుడొత్తిన నఖశశిరేఖలు
వెడలగ వేసవికాలపు వెన్నెల కాదు కదా

మీ మొహమాటం ఈ చరణం దగ్గరే కదా. నాదీ అంతే ఉండేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆడపిల్లలున్న క్లాసులో ఈ చరణం రాగానే “టైము లేదు” అని మూడో దానికి దూకేశాను. మరుసటి రోజు ముందు బెంచీ పిల్ల లేచి, “సార్, మా అవ్వనడిగితే చెప్పింది. గోరు గుర్తులంట, నెలవంకల మాదిరి ఉంటాయంట” అని అమాయకంగా చెప్పి కూర్చుంది. క్లాసంతా తల దించుకుంది. మూడో చరణంలో వచ్చే చెమట ముత్యాలు ఆ పూట నా మొహం మీదే ఉండినాయి. తర్వాత ఎప్పుడూ దాటేయలేదు.

అవ్వ చెప్పిందే అర్థం. నఖం గోరు, శశి చంద్రుడు. గోటితో అరచేతిలో ఒత్తి చూసుకోండి, నెలవంకే పడుతుంది. కామసూత్రాలు రాసిన వాత్స్యాయనుడు గోటిగుర్తుల్లో ఒకదానికి అర్ధచంద్రమనే పేరు పెట్టాడు. పయ్యద కింద ఆ నెలవంకలు ఉన్నాయి. నెలవంకలు ఉన్నచోట వెన్నెల ఉంటుంది, ఆ వెన్నెల పైట దాటి వెలుపలికి వస్తోంది. చెలులు పోల్చుకున్న లెక్క ఇది.

వెన్నెల అనగానే సంస్కృత కవి చెయ్యి శరత్తు మీదికి పోతుంది. వానలు కడిగిన ఆకాశం, తెల్లని మబ్బులు, రెల్లుపూలు. ఈయన వేసవి అన్నాడు. మీరు ప్రొద్దుటూరులో ఉన్నారు, నేను దీన్ని వివరించాల్సిన పని లేదు. మన ఎండాకాలం పగలు గురించి కవిత్వం ఎవరూ రాయలేరు. కడప బండలు పరిచిన మిద్దె అర్ధరాత్రి దాకా సెగ కక్కుతుంది. మంచం మిద్దె మీదికి మోసుకుపోయి పడుకుంటే కింద సెగ, పైన వెన్నెల. ఒంటికి వేడి, కంటికి చలువ, రెండూ ఒకేసారి. ఆ రెండూ ఒకేసారి ఉండడమే ఈ చరణం. ‘ఉడుగని వేడుక’ అన్నాడు, ఉడుగు అంటే తగ్గిపోవు. తగ్గని వేడుకలో వేడి వినపడదూ? ఆ వేడి మీద కాచిన వెన్నెల వేసవిదే కావాలి. శరత్తులో అయితే అంతా చల్లనే, పోటీ లేదు. శరత్తులో మబ్బు తునకలైనా ఉంటాయి. వేసవి రాత్రి ఆకాశానికి పైట పలచన.

ఒత్తడం అనే మాట కూడా చూడండి. ముద్ర ఒత్తుతాం, అచ్చు ఒత్తుతాం. పల్లవిలో ఆమె పత్రిక రాసింది, ఇక్కడ ఆయన ముద్ర ఒత్తాడు. నాలుగు ‘కాదు కదా’లకు ముందున్న క్రియలు వరసగా పెట్టుకోండి: వ్రాసిన, నాటిన, ఒత్తిన, అద్దిన. నాలుగూ గుర్తు మిగిల్చే పనులే. మొదటి రెండూ ఆమె చేసినవి, చివరి రెండూ ఆయన చేసినవి. ఇది అనుకుని చేశాడో, చెయ్యి తిరిగిన కవికి దానంతటది కుదిరిందో నేను చెప్పను. కానీ ఒకసారి చూశాక కనపడకుండా పోదు.

మూడో చరణం:

ముద్దియ చెక్కుల కెలకుల ముత్యపు జల్లుల చేర్పుల
వొద్దికలాగులివేమో ఊహింపరె చెలులు

కెలకులు అంటే పక్కలు. చెక్కిళ్ళ పక్కన ముత్యాలు జల్లుజల్లుగా ఒద్దికగా పేర్చినట్టున్నాయి, అవేమిటో ఊహించండి అంటున్నారు. ‘లాగు’ అంటే తీరు, విధం. ఇప్పటి పిల్లలు లాగు అంటే నిక్కరు అనుకుని నవ్వుతారు, మీ పాపకు ముందే చెప్పి ఉంచండి. ఇంతదాకా చెలులు చింతింపరె అన్నారు, కనుగొనరే అన్నారు, ఇప్పుడు ఊహింపరె అంటున్నారు. ఆలోచించండి, చూడండి, ఊహించండి. ఊహించమన్నారంటే ఇక నోరు జారబోతున్నారని.

తర్వాతి పాదంలో పాఠం పాడేవాళ్ళను బట్టి కొంచెం మారుతుంటుంది. దాని మొదట ఉన్న ‘గద్దరి తిరువేంకటపతి’, ఆ కింద ఉన్న చివరి పాదం మాత్రం నిక్కచ్చి: ‘అద్దిన సురతపు చెమటల అందము కాదు కదా’. గద్దరి అంటే గడుసువాడు, దిట్ట. ఈ మాట చెప్పగానే పిల్లలకు పాటల గద్దర్ గుర్తొస్తాడు. ఆయన పేరు గదర్ పార్టీ నుంచి వచ్చింది, దీనికీ దానికీ చుట్టరికం లేదు. ముద్దియ, ఒద్దిక, గద్దరి, అద్దిన, ఈ ‘ద్ద’ల వరసలో ముద్దియకు ఎదురుగా గద్దరి పడినాడు. ఆమె ముద్దు, ఆయన గడుసు. ప్రాస కోసం వెతికిన మాట ఇద్దరి స్వభావాన్నీ చెప్పేసింది.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్నది. ఈ పాటను నాలుగు ఉపమానాలు గుచ్చిన దండగా చాలామంది చెప్తారు, నేనూ చెప్పాను. పరీక్షలో అడిగితే ఉత్ప్రేక్ష, అంటే ఒకదాన్ని ఇంకొకటేమో అని ఊహించే అలంకారం, అని రాస్తే మార్కులు వస్తాయి. కానీ నాలుగూ ఒక తీరువి కావు. ‘కాదు కదా’కు ముందు ఏముందో చూడండి. పల్లవిలో కళ్ళకు కనపడేది కస్తూరి, అది నిజం. ‘పత్రిక కాదు కదా’ అన్నది కల్పన. మొదటి చరణంలో ఎర్రని కన్నులు నిజం, నెత్తురు కల్పన. రెండోదానిలో గోటిగుర్తులు నిజం, వెన్నెల కల్పన, ‘కాదు కదా’లోకి సగం నిజం చొరబడింది. మూడోదానికి వచ్చేసరికి మొత్తం తిరగబడింది. కనపడుతున్నవి ముత్యాలన్నారు, అది కల్పన. ‘సురతపు చెమటలు కాదు కదా’ అన్నారు, అది నిజం. అంటే పాట పొడుగునా ‘కాదు కదా’ అబద్ధం నుంచి నిజం వైపు నడిచింది. మొదట అబద్ధాన్ని పట్టుకుని ‘కాదు కదా’ అంటే అది ఉత్త ఆట. చివర నిజాన్నే పట్టుకుని ‘కాదు కదా’ అంటే అది మా అవ్వ మీగడ ప్రశ్న.

ఇంకోటి. అంతదాకా ఆయన విభుడు, ప్రాణేశ్వరుడు, ప్రియుడు. ఎవరైనా కావచ్చు. పేరు బయటపడింది చెమట బయటపడిన చరణంలోనే. అన్నమయ్య ప్రతి పాట చివరా స్వామి పేరు ముద్రగా వేస్తాడు, అది ఆనవాయితీ. ఆ ఆనవాయితీనే ఇక్కడ కథలో మలుపు చేసుకున్నాడు. నిజమూ పేరూ ఒక్కసారే చెలుల నోరు జారినాయి.

అద్దడం కూడా వదలొద్దు. రుద్దితే చెరిగిపోతుంది, పూస్తే పరుచుకుపోతుంది. అద్దితే చుక్క చుక్కగా నిలుస్తుంది. కుంకుమ అద్దుతాం, బట్ట మీద రంగు అద్దుతాం. చెమట కారిందని అనలేదు, అద్దినది అన్నాడు. అందుకే అది ముత్యంగా నిలిచింది.

మీ చివరి ప్రశ్న, దేవుడి మీద ఇట్లాంటి పాటా, పిల్ల పాడొచ్చా అన్నది. మొదటి సగానికి జవాబు తాళ్ళపాకవారు అన్నమయ్య పాటలు చెక్కించిన రాగిరేకుల మీదే ఉంది. అన్నమయ్యకు పదహారేండ్లప్పుడు, 1424లో, స్వామి ప్రత్యక్షమైనాడనీ, అప్పటినుంచి 1503 దాకా సంకీర్తనలు విన్నవించాడనీ చెక్కించారు. అధ్యాత్మ సంకీర్తనల రేకులు, శృంగార సంకీర్తనల రేకులు అని పేర్లు వేరైనా, రెండూ ఒకే స్వామికి. ఒకటి పూజగదికి, ఇంకొకటి పడకగదికి అని వాళ్ళు గోడ కట్టలేదు. ఈ పాటలో నాయికకు పేరు లేదు, వినేవాళ్ళు అలమేలుమంగ అనుకుంటారు. భార్యాభర్తలను చూసి చెలులు ఆటపట్టిస్తున్నారు, అంతే కదా. మన పెండ్లిళ్ళలో వదినామరదళ్ళ మాటలు దీనికంటే ముదురుగా ఉంటాయి.

పైగా కలయికను గురించి కవి ఒక్క ముక్క చెప్పలేదు. అంతా అయిపోయాక మిగిలిన గుర్తులు మాత్రం చూపించాడు. ఈ పద్ధతి హాలుడనే శాతవాహన రాజు ప్రాకృతంలో కూర్చిన గాథల, అంటే చిన్న చిన్న ప్రేమ పద్యాల, నాటిది. ఆ గాథల్లో కొన్నిటిని తెలుగు చేసింది మన అనంతపురం జిల్లా రాళ్ళపల్లివారు, అనంతకృష్ణశర్మగారు (1893–1979). తర్వాత తిరుపతిలో అన్నమయ్య పాటలను పరిష్కరించి, చాలావాటికి స్వరాలు కట్టిందీ ఆయనే. గాథలు చదివిన చెయ్యికి ఈ పాటలు దొరకడం తెలుగువాళ్ళ అదృష్టం.

రెండో సగానికి జవాబు మీ యిష్టం. నన్ను అడిగితే పల్లవి, మొదటి చరణం, మూడో చరణం పోటీకి సరిపోతాయి. సమయమూ అంతే ఇస్తారు. రెండో చరణం మానిపించినా అర్థం మాత్రం అబద్ధం చెప్పొద్దు. గోరు గుర్తులని మీరు చెప్పకపోతే ఏ అవ్వో చెప్తుంది.

పాడేటప్పుడు విరుపులు మాత్రం చూసుకోమనండి. ‘పెరుకగనంటిన’ను పెరుకగన్, అంటిన అని మనసులో విడదీసుకుని పాడాలి, ‘నంటిన’ అనే మాట లేదు. ‘చెలువంబిప్పుడిదేమో’లో ‘ఇప్పుడు’ వినపడాలి. నిన్న లేని అందం ఇప్పుడు వచ్చిందని కదా చెలుల గొడవ. ‘ప్రియుడొత్తిన’లో ‘ఒ’ను మింగొద్దు, దాని తోడు పాదం మొదట ‘ఉడుగని’లో ఉంది. రాగం, తాళం సంగతి నన్నడగొద్దు, సంగీతం టీచరు చెప్పినట్టే పోనివ్వండి.

‘కాదు కదా’ నాలుగుసార్లూ ఒకే తీరుగా పాడకుండా చూడండి. మొదటిసారి నిజంగానే తెలియనట్టు, కళ్ళు పెద్దవి చేసుకుని. చివరిసారి నవ్వు ఆపుకుంటూ. అది పాపకు రాకపోతే ఇంట్లో ఎవరైనా మీగడ తిన్న రోజు చూసి మీరే ఒకసారి అడిగి చూపించండి.